కొత్త గదులు కట్టించిన మాస్టారు

మా ఊరి బడి హెడ్మాస్టారు మాలా కూలికెళ్ళే ఆడవాళ్ళని కూడా "మీరేమంటారండీ?" అని అడిగేవారు. నన్ను "అండీ" అన్న మొదటి మనిషి ఆయనే. పాత బడి వానకి కారుతుంటే, వరండాలో చాక్‌పీసుతో కొత్త గదుల ప్లాను గీసి, కిటికీలు ఎటు పెట్టాలో, ఆడపిల్లల బాత్రూం ఎక్కడుండాలో మమ్మల్నే చెప్పమన్నారు. ప్రభుత్వం ఇచ్చింది చాలకపోతే, మామిడి కోతల్లో వారానికో రోజు కూలి బడికిద్దామని నేనే ఇంటింటికీ తిరిగి అందరినీ ఒప్పించాను. తోటల రైతులు ఇసుక తోలించారు.

జూన్‌లో గదులు తెరిచారు. ఆ నెలలోనే పై తరగతులన్నిటినీ మెయిన్ రోడ్డు అవతల హైస్కూల్లో కలిపేశారు. నా కూతురు కొత్త గదిలో కూర్చున్నది కొద్ది రోజులే. తరగతులు ఇలా కలిపేస్తారని స్లాబు వేయకముందే మాస్టారికి తెలుసని ఇంకో టీచరమ్మ నోరుజారి చెప్పింది. వెంటనే వెళ్ళి అడిగాను.

"నిజమేనా మాస్టారూ?"

ఆయన తల దించుకున్నారు. "నిజమేనమ్మా. మంచి బిల్డింగు చూస్తే ఆపుతారనుకున్నాను. ముందే చెబితే మీరు కూలి డబ్బులు ఇచ్చేవారు కాదు గదా?"

"ఇచ్చేవాళ్ళమో లేదో మమ్మల్ని అడగాల్సిందండీ" అన్నాను. తర్వాత ఆయన బదిలీ మీద వెళ్ళిపోయారు.

ఒకరోజు తోటలో అన్నాల వేళ, నాతో కూలికొచ్చే ఆవిడ అందరి ముందూ అడిగింది.

"నీకూ ముందే తెలుసంట గదా వదినా?"

తెలియదని నా కూతురి మీద ఒట్టేశాను. వాళ్ళు క్యారేజీలు తీసుకుని అవతలి చెట్టు కిందకి వెళ్ళి కూర్చున్నారు.