పక్కన కూచునే పిల్లని అడిగిన మాస్టారు

"బావా, నీ పోట్లాట మాస్టారు పోనారట" అన్నాడు మా ప్రెస్సులో మిషను నడిపే సింహాచలం. పూర్ణా మార్కెట్ పక్క సందులో చిన్న ప్రెస్సు మాది. మర్నాడు పేపర్లో నాలుగు లైన్లు వేశారు. ఫిజిక్సులో ఎమ్మెస్సీ, తర్వాత ఎమ్మెడ్, విద్యాశాస్త్రంలో డాక్టరేటు, బడి మానేసిన పిల్లల మీద పరిశోధన. అన్నీ నిజాలే. అయినా నాకు ఒళ్ళు మండింది. డిగ్రీలన్నీ వరసగా పేర్చారు గానీ, ఆయన ఏం అడిగేవారో, ఎవరిని అడిగేవారో ఒక్క ముక్క లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఫిజిక్సు చదివిన మనిషి ఇటెందుకొచ్చారని ఓసారి అడిగాను. "హైస్కూల్లో కాంతి పాఠం చెప్తున్నాను నాయనా. చూస్తే ఒక బెంచీ ఖాళీ. ఎప్పుడు ఖాళీ అయిందో నాకే తెలీలేదు" అన్నారు. డాక్టరేటు చేసింది పరీక్ష మార్కుల మీద. దాని మాటెత్తితే చెయ్యి ఊపేసేవారు. "అది పరీక్షకొచ్చినవాళ్ళ కథ. రానివాళ్ళు అందులో ఎక్కడున్నారు?"

మా పోట్లాట, పిల్లలు బడి ఎందుకు మానేస్తారో రాసిన వ్యాసం ఆయన అచ్చుకు తెచ్చిన రోజే మొదలైంది. అక్షరాలు కూర్చేది నేను. "ఇన్ని పేజీలెందుకు మాస్టారూ? పేదరికం అని ఒక్క మాట రాసేయండి. నాకు టైపు మిగుల్తాది" అన్నాను. ఆయన కోప్పడలేదు. "పేదరికం వీధి వీధంతా ఉంది. ఒక పిల్ల బడికొస్తంది, పక్కింటి పిల్ల రావటం లేదు. ఆ తేడా ఏటో చెప్పు, నీ ఒక్క మాటే అచ్చేద్దాం" అన్నారు. వ్యవస్థ మారందే ఏదీ మారదని గట్టిగానే అరిచాను. "మారేదాకా ఆ పిల్ల ఎక్కడ కూచోవాలి? రేపు నాతో రా" అన్నారు.

వెళ్ళాను. హార్బరు వెనక జాలరిపేట బడి అది. మాస్టారు పంతులమ్మగారిని కారణం అడగలేదు. "టీచరు శ్రద్ధ లేదంటుంది, తల్లి పనుందంటుంది. ఇద్దరికీ పరువుంది. పక్కన కూచునే పిల్లకి దాచాల్సిందేమీ లేదు" అనేవారు. పైడమ్మ అనే పిల్ల దగ్గర గొంతుక్కూచుని, "నీ పక్కన ఇదివరకు ఎవరు కూచునేవారమ్మా?" అన్నారు.

"నూకాలండి. రాటం నేదండి."

"సేపలమ్మడానికి పంపించేశారా?" అన్నాను నేను.

"నేదండి. దానికి అమ్మోరు పోసినాది. తగ్గినాక వచ్చినాది. దాని సోట్లో ఇంకో పిల్లని కూకోబెట్టీసినారు. గుమ్మం కాడ నిలబడి సూసి ఎల్పోనాది."

"టీచరు పిలవలేదా?" అన్నాను మళ్ళీ నేనే.

"సూడనేదండి. బోర్డు మీద రాత్తన్నారు."

నేను పంతులమ్మగారి మీదికి లేచాను. మాస్టారు నా చొక్కా పట్టి లాగారు. "నువ్విప్పుడు నాలుగు మాటలంటావు. ఆ మాటలన్నీ రేపు ఎవరి నెత్తిన పడతాయి? ఆ పిల్ల నెత్తినే కదా?" ఒకే గదిలో రెండు తరగతులు మోస్తున్న మనిషి ఆవిడ. ఆవిడతో విడిగా ఏదో చెప్పారు. ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకోవడం నేను చూశాను.

తర్వాత నూకాలు ఇంటికి వెళ్ళాం. "మాం మానిపించనేదు బాబూ. అదే ఎల్నంటాది. సంపినా ఎల్నంటాది" అంది తల్లి. పిల్ల ఆరేసిన వల వెనక నుంచి ఒక కన్నుతో చూసింది. మాస్టారు బతిమాలలేదు, భయపెట్టలేదు. వెనక్కి వచ్చి పైడమ్మతో, "రేపు వస్తూ వస్తూ దాన్ని పిల్చుకొస్తావా?" అని మాత్రం అన్నారు.

"వొత్తాదా అది? మొండిది" అంది పైడమ్మ.

ఆయనతో చాలా విషయాల్లో నాకు ఇప్పటికీ పేచీయే. ఒక్కో పిల్లని వెనక్కి తేవడంతో లోకం బాగుపడదని నేనిప్పుడూ అంటాను. అనడానికి ఎదురుగా ఆయన లేరు, అదీ నా బాధ.

నూకాలు ఇంటికి వెళ్ళిన మర్నాడు పొద్దున్నే బడి ఎదురుగా కిళ్ళీ బడ్డీ దగ్గర నిలబడ్డాం. పైడమ్మ వచ్చింది. వెనక, తల వంచుకుని, జడకి కొత్త రిబ్బనుతో నూకాలు. గుమ్మం దగ్గర మళ్ళీ ఆగిపోయింది. నేను రోడ్డు దాటబోతే మాస్టారు అడ్డం వచ్చారు. "మనం వెళ్తే అది మన ఘనకార్యం అయిపోతుంది. ఉండు."

కిటికీలోంచి కనిపించింది. పైడమ్మ వెళ్ళి కూచుని పక్కపిల్లని నడుంతో ఒక్క తోపు తోసింది. ఆ పిల్ల అవతలి పిల్లని తోసింది. తలలు ఒకదాని తర్వాత ఒకటి జరిగాయి. "ఓలమ్మో, నాను పడిపోతన్నానే!" అని చివరి పిల్ల అరిచింది. పంతులమ్మగారు రాస్తున్న సుద్దముక్క ఆపి, వెనక్కి తిరిగి, గుమ్మం వైపు చూశారు.