నాయన కాలు, నా గీతలు

నాకు అక్షరాల కంటే ముందు గీతలు వచ్చాయి. మాది తోలుబొమ్మలాడించే ఇల్లు. తెర వెనుక బొమ్మ చేయి ఆడించేదీ, కింద చెక్క తొక్కి దెబ్బ చప్పుడు పుట్టించేదీ ఒకే మనిషి. చేయీ కాలూ కలవకపోతే నాయన బెత్తం తీసేవాడు.

పందొమ్మిది వందల యాభైల్లో డేరా సినిమా మా ఆటను మింగింది. నేను ఆ డేరాలోనే సినిమా వేసే మిషన్ నడిపే పనికి చేరాను. నాయన నాతో మాట మానేశాడు.

ఫిలిం అంచున సన్నని పట్టీ ఉంటుంది. దాని మీది గీతలే మిషన్‌లో చప్పుడవుతాయి. అది తెలిశాక నాకు కుదురు పోయింది. పారేసిన నల్ల ఫిలిం తీసుకుని, తోలుకు చిల్లులు పొడిచే మా ఉలితో ఫిలింలోని ఒక్కో గడిలో గద ఎత్తే బొమ్మను గీరాను. పక్కనే పట్టీలో దెబ్బ చప్పుడుకు గీతలు. దగ్గరగా గీస్తే కీచుమంటుంది, ఎడంగా గీస్తే గుర్రుమంటుంది. ఎవరూ నేర్పలేదు, నేనే కనుక్కున్నాను. ఇందులో అణకువ చూపాల్సిందేమీ లేదు.

డేరా కోసిగిలో ఉన్నప్పుడు, అసలు సినిమాకు ముందు దాన్ని వేయడానికి ఓనరు ఒప్పుకున్నాడు. అమ్మ చేత నాయనకు కబురు పెట్టించాను. ఆయన చూసి మెచ్చాలి, నాకు కావలసింది అంతే. వచ్చాడు. ముందు బెంచీలో కూర్చున్నాడు.

తెర మీద గద దిగింది. చప్పుడు లేదు. బొమ్మ మళ్ళీ గద ఎత్తుతుంటే అప్పుడు ధడ్‌మంది. మిషన్‌లో బొమ్మ కనబడే చోటు పైన, చప్పుడు పుట్టే చోటు దాదాపు మూరెడు కింద; ఫిలిం అక్కడికి ఆలస్యంగా దిగుతుంది. ఇంటి అలవాటు కొద్దీ నేను రెండూ పక్కపక్కనే గీశాను.

"ఏమప్పా, నిన్న తిన్న దెబ్బకు ఈపొద్దు ఏడుస్తాండాడే!" అని ఒకడు అరిచాడు. జనం ఒకటే నవ్వు.

గద మళ్ళీ దిగింది. సరిగ్గా అప్పుడే ధన్‌మంది. నాయన బెంచీ ఎక్కి పలకను తొక్కాడు! వెనకే నా గీతలు పలికాయి. మళ్ళీ గద, మళ్ళీ కాలు, మళ్ళీ గీతలు. గండికోట లోయలో కేక వేస్తే తిరిగి వచ్చినట్టుంది. నవ్వులు ఆగి ఈలలు లేచాయి.

ఆట అయ్యాక నాయన మిషన్ దగ్గరికి వచ్చాడు.

"చెయ్యి బాగుండాది. కాలే శానా వెనకబడిండాది. సిగ్గులేదేమిరా?"

"చప్పుడు ముందుకు జరిపి గీస్తా నాయనా."

"వద్దు. వచ్చే తూరి డేరా యాడ?"

"మంత్రాలయం."

"మంచి చెక్క చూసిపెట్టు. ఈడ బెంచీ పలక పుచ్చిపోయిండాది."

గీతలు జరపలేదు. మంత్రాలయంలో మద్దిచెక్క ఒకటి తెచ్చి తెర ముందు వేశాను.