తొంభై తొమ్మిది దాకా లెక్క

నాలుగు రోజులు ముసురు పట్టిందంటే చాలు, స్మృతి నగర్‌లో మా ఇంటి అటక మీదున్న పాత జంపఖానా ముక్క వాసన వేస్తుంది. తడి నూలు, ఏళ్లనాటి దుమ్ము, ఎలుకలు కొరికిన అంచు, అన్నీ కలిసిన ఆ వాసన తగలగానే నాకు మోకాళ్లలో సలుపు మొదలవుతుంది. ఆ దరిద్రాన్ని పారేయరాదూ అని మావారు విసుక్కుంటారు. పారేయను. ఒకప్పుడు తెలుగు చర్చిలో పరిచిన జంపఖానా అది, చర్చి కొత్తగా కట్టేటప్పుడు నేనే అడిగి తెచ్చుకున్నాను.

తొంభైల్లో మేము ఆరో సెక్టరు క్వార్టర్లలో ఉండేవాళ్లం. నాన్నది ఈ హిందీ ఊళ్లోని ఉక్కు కర్మాగారంలో షిఫ్టు ఉద్యోగం. తెల్లవారకుండానే వీధంతా సైకిల్ గంటలు మోగేవి, మధ్యాహ్నమయ్యేసరికి తీగ మీద ఆరేసిన తెల్ల చొక్కాలకు ఎర్రదుమ్ము పట్టేది, చలికాలం ఆదివారాల్లో అమ్మ నాకు తలంటి, కుంపటి పక్కన కూర్చోబెట్టి జుట్టు ఆరబెడుతూ, విజయనగరం నుంచి అమ్మమ్మ పంపిన చేగోడీలు ఒళ్లో పోసేది. ఆ చేగోడీలు నములుతూ నేను హిందీలో కబుర్లు చెబుతుంటే నెత్తి కొట్టుకునేది. బడిలో హిందీ, వీధిలో హిందీ, చివరికి నిద్రలో పలవరించేదీ హిందీలోనే. ఇలాగైతే ఇది తాతకి ఉత్తరం ముక్క రాయలేదని నాన్న బెంగపెట్టుకుని, దగ్గరలో తెలుగు అక్షరాలు దిద్దించే చోటు మరొకటి లేక, ఆదివారం పూట నన్ను చర్చికి పంపేవాడు. అమ్మ సత్యనారాయణ వ్రతాలు మానలేదు, నేను బైబిలు వాక్యాలు కూడబలుక్కుని చదవడం మానలేదు. ఇంట్లో ఎవరికీ ఇందులో ఇబ్బందేమీ కనిపించలేదు.

అక్కడ మాకు పాఠం చెప్పేది రాహేలమ్మ టీచరమ్మ గారు. సన్నటి మనిషి, ఖంగుమనే గొంతు. తప్పిపోయిన గొర్రె కథంటే ఆవిడకి ప్రాణం. నూరింటిలో ఒకటి కనబడకపోతే తొంభై తొమ్మిదింటినీ వదిలేసి దాని కోసం వెతుక్కుంటూ వెళ్లిన కాపరిని, అది దొరికాక భుజాల మీద మోసుకొచ్చి ఇరుగుపొరుగుని పిలిచి సంబరం చేసుకున్న కాపరిని తలుచుకుంటూ ప్రతిసారీ కళ్లు తుడుచుకునేవారు. ఆ కథనే మాకు ఆటగా మార్చారు. గొర్రె అయినవాళ్లు దూది చెవులు కుట్టిన టోపీ పెట్టుకుని దాక్కోవాలి. కాపరి కళ్లు మూసుకుని తెలుగులో తొంభై తొమ్మిది దాకా లెక్కపెట్టి వెతకాలి. దొరికిన గొర్రెని వీపున ఎక్కించుకుని చర్చి చుట్టూ తిప్పాలి, అందరూ పాట పాడాలి, ఆపైన డబ్బాలోంచి తలా ఒక నూనెలో వేయించిన గులాబీ గుత్తి, వేలికి తొడుక్కుని అంచులు కొరుక్కు తినడానికి. షరతు ఒక్కటే, గొర్రె తనంతట తాను బయటికి రాకూడదు, నోరెత్తకూడదు. "ఎతకడం కాపరి పనర్రా. గొర్రెకేటి తెలుస్తాది?" అనేవారు.

మాలో చాలామందికి ఇరవై తొమ్మిది తర్వాత ముప్పై బదులు హిందీ 'తీస్' వచ్చేసేది. నేను మాత్రం తొంభై తొమ్మిది దాకా తడుముకోకుండా చెప్పేదాన్ని. అందుకని కాపరిని ఎప్పుడూ నేనే. అబ్బో, ఎంత పొగరో నాకు!

సుగుణ నాకన్నా ఏడాది చిన్నది. వాళ్ల నాన్న హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో ఒక చిన్న షెడ్డులో ఇనుము కోసే పని చేసేవాడు. క్వార్టర్లూ లేవు, సెలవులూ లేవు, ఇంట్లో తండ్రీ కూతురూ అంతే. సైకిలు ముందుగొట్టం మీద కూర్చోబెట్టుకుని తెచ్చి గేటు దగ్గర దింపిపోయేవాడు. మోచేతుల దాకా పొట్టి అయిపోయిన ఆకుపచ్చ స్వెట్టరు, ఎప్పుడూ గోక్కునే తల. ఏ గొర్రె దొరికినా అందరికంటే ఎక్కువగా చప్పట్లు కొట్టేది ఆ పిల్లే. "రమా దీదీ, నా వంతొస్తే నన్ను కూడా మోస్తావు కదా?" అని వారం వారం అడిగేది. ఊఁ అనేదాన్ని. ఇంట్లో అమ్మ మాట ఇంకోలా ఉండేది. "ఆ గుంట తల్నిండా పేలేనే. మీద పడనిచ్చావంటే నీ జుట్టు గొరిగించేస్తాను."

క్రిస్మస్‌కి ముందు ఆదివారం సుగుణ వంతు వచ్చింది. ఆ రోజే నేను అమ్మ కొత్తగా అల్లిన గులాబీరంగు స్వెట్టరు వేసుకున్నాను. రాహేలమ్మ గారు డబ్బా నా చేతికిచ్చి, ఎదురింట్లో జ్వరంతో ఉన్నవాళ్లకి ప్రార్థన చేయడానికి వెళ్లారు. నేను గోడకి తిరిగి లెక్క మొదలుపెట్టాను. వేళ్ల సందుల్లోంచి చూశాను కూడా. ఊడవడం కోసం జంపఖానా చుట్టి పెట్టాం, అది పరిచే చోట నేలలో, నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇచ్చే తొట్టి, ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయి ఉండేది, పైన చెక్క పలకలు. సుగుణ ఒక పలక జరిపి లోపలికి దిగి, మళ్లీ మూసుకుంది. చివరగా కనబడ్డవి దూది చెవులు.

తొంభై తొమ్మిది అయింది. నేను కదల్లేదు. "దాన్ని ఎవరూ వెతకొద్దు" అన్నాను. పిల్లలకి అంతకంటే ఏం కావాలి? "ఛోడ్ నా, బైఠే రహనే దే" , వదిలెయ్, అక్కడే కూర్చోనీ అని ఒకడు నవ్వాడు. అందరం పాట పాడాం, నేను అందరికంటే గట్టిగా పాడాను. గులాబీ గుత్తులు పంచాను. సుగుణది నేనే తిన్నాను. తర్వాత సాయంత్రం ప్రార్థన కోసం ఎప్పటిలాగే జంపఖానా పరిచి, దాని మీదకి ప్రసంగం బల్ల జరిపాం. చిన్నపిల్లని, తెలియక చేశానని చెప్పుకోవచ్చు. బల్ల ఎంత బరువో నాకు తెలుసు. రాహేలమ్మ గారు తిరిగొచ్చి, సుగుణ ఏదని అడిగారు.

"ఇంటికెళ్లిపోయింది టీచరమ్మా."

ఆవిడ తాళం వేశారు.

పొద్దు వాలుతుండగా సుగుణ నాన్న మా గేటు బయట సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రాలేదు. "అమ్మా, మా గుంట మీ పాపతో ఏటైనా వచ్చినాదేటమ్మా? పొద్దున దింపినాను, ఇంకా ఇంటికి రానేదు. చెరువు కాడా చూసినాను, రైలుకట్ట కాడా చూసినాను" అన్నాడు. అమ్మ నా వైపు తిరిగింది. నాకు తెలీదు అన్నాను. మరోసారి అడిగితే మళ్లీ నాకు తెలీదనే అన్నాను. అమ్మకి జాలేసింది. పద, టీచరమ్మని అడుగుదాం అని నన్ను రెక్క పట్టుకుని తీసుకెళ్లింది.

సాయంత్రం ప్రార్థనకి అప్పుడే జనం చేరుతున్నారు. సంగతి తెలిసి అందరూ మోకరించారు. నన్నూ మోకరించమన్నారు. తప్పిపోయిన బిడ్డను చూపించు ప్రభువా అని రాహేలమ్మ గారు ఏడుస్తూ వేడుకుంటున్నారు, పక్కన ఆ తండ్రి నేలకి తల ఆనించి వెక్కుతున్నాడు, సరిగ్గా నా మోకాళ్ల కింద ఆ పిల్ల ఉంది. నేను ఆమెన్ అన్నాను. రెండుసార్లు అన్నాను.

అప్పుడు పాట ఎత్తుకున్నారు. నిద్రపోయిందో, సొమ్మసిల్లిందో, పాటకి మెలకువ వచ్చినట్టుంది. కింది నుంచి పలక మీద చప్పుడు, ఆ తర్వాత గొంతు.

"నాను దొరికీసినానా?"

బల్ల లాగేశారు, జంపఖానా పీకేశారు. దూది చెవుల టోపీతోనే పైకి లాగారు. సంబరం ఏమీ జరగలేదు. వాళ్ల నాన్న ఆ పిల్లని కౌగిలించుకుని, మరుక్షణమే చెంప మీద కొట్టాడు, మళ్లీ కొట్టాడు. "సచ్చిపోనావనుకున్నాను కదే!" అంటూ కొట్టాడు. పెద్దలెవరూ చెయ్యి పట్టుకోలేదు. ఎవరు దాక్కోమన్నారే అని అరుస్తుంటే, సుగుణ నన్ను చూసింది. టోపీ ఒక చెవి మీదకి జారిపోయింది.

"నానే నాన్నా. నానే దాక్కున్నాను."

రాహేలమ్మ గారు నా వంక ఒక్కసారి చూశారు. ఆ తర్వాత ఏ ఆదివారమూ సుగుణ రాలేదు, ఆటా ఆగిపోయింది. నేను మాత్రం తెలుగు బాగా నేర్చుకున్నాను. ఇదిగో, ఇలా రాయగలిగేంత.

ఇప్పుడు ఆరో సెక్టరులో మేమున్న వరస క్వార్టర్లకి తలుపులు కూడా లేవు, సగం కూలిపోయాయి. షిఫ్టుకి సైకిళ్ల మీద వెళ్లేవాళ్లు లేరు. రాహేలమ్మ గారు పోయారు. బాప్తిస్మం తొట్టి పూడ్చేసి పైన నున్నటి టైల్సు వేశారు. గులాబీ గుత్తులు దుకాణంలో ప్యాకెట్లలో దొరుకుతాయి, నేను కొనను.

పోయిన చలికాలం సెక్టరు బజారులో మెంతికూర బేరమాడుతున్న ఒకావిడ తల గోక్కోవడం చూసి గుర్తుపట్టాను. సుగుణా అని పిలిచాను. ఆగింది. రెండోసారి పిలిచాను. వెనక్కి తిరగకుండా సంచీ భుజాన వేసుకుని జనంలో కలిసిపోయింది. తప్పేమీ లేదు. ఈ కథ ఇదివరకు ఎవరికి చెప్పినా, పాపం ఆ పిల్ల షరతు ప్రకారం నోరెత్తలేదు అనే చెబుతూ వచ్చాను. అబద్ధం. మేము పాట ఎత్తుకోబోతున్నప్పుడు పలకల కింద నుంచి, "రమా దీదీ, ఇక్కడున్నాను" అని పిలిచింది. నాకు వినబడింది. అందుకే పాట అంత గట్టిగా పాడాను.