మా ఉలవల మీద మా కారు

మా కారు జారింది మా ఉలవల మీదే. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మా ఇంట్లో రెండు వారాల పాటు ఇదొక్కటి తప్ప మిగతావన్నీ మాట్లాడుకున్నాం.

మా వైపు ఉలవలు పీకాక కళ్ళం దాకా మోసేవాళ్లు తక్కువ. చేను పక్కనే తారురోడ్డు ఉంటే మొక్కల్ని దాని మీదే పరిచేస్తారు. బస్సులూ లారీలూ తొక్కుకుంటూ పోతాయి, కాయలు చిట్లి గింజలు రాలతాయి. సాయంత్రం పంగలకర్రతో చెత్తను పక్కకు లాగి గింజలు ఊడ్చుకుంటే నూర్పు అయిపోయినట్టే. చిన్నప్పుడు మా నాన్న పరిచిన ఉలవల పక్కన కూర్చుని, లారీ వస్తే చప్పట్లు కొట్టేదాన్ని. బస్సు కంటే లారీ బాగా నలుపుతుందని నా నమ్మకం. స్కూటర్ల వాళ్లు కాళ్లు రెండూ కింద ఆనించి, తిట్టుకుంటూ పాక్కుంటూ పోయేవారు. వాళ్లని చూసి నవ్వుకునేవాళ్లం కూడా.

మా అత్త అంటే మా నాన్న సొంత చెల్లెలు. బావనే చేసుకున్నాను. మేం ఉండేది రాజాంలో. అత్త కూడా మాతోనే ఉంటుంది గానీ, చీపురుపల్లి రోడ్డులో ఉన్న చేను మాత్రం ఎవరికీ కౌలుకివ్వదు. పంట రోజుల్లో తెల్లారకుండానే ఆటో ఎక్కి వెళ్లిపోతుంది. నా స్కూలు కూడా ఆ రోడ్డులోనే, చేను దాటాక.

కారు బావ ముచ్చటపడి కొన్నది. ఇంటిల్లిపాదీ ఎక్కే కారే గాని చూడ్డానికి పందేలకు పోయేదానిలా ఉంటుంది. ఎర్ర రంగు, నేలకు వంగిన ముక్కు, చక్రాలకు మెరిసే రిమ్ములు. యాక్సిలరేటర్ మీద కాలు ఆనిస్తే చాలు, ముందుకు దూకుతుంది. కొన్నది ఆయనే గాని ఆయన గరివిడి ఫ్యాక్టరీకి కంపెనీ బస్సులో వెళ్తాడు. నడిపేది నేను. నలభై ఏళ్లు దాటాక నేర్చుకున్నాను. నేర్చుకున్న మొదటి నెలలోనే నాకు అర్థమైపోయింది, ఇన్నాళ్లూ రెండు ఆటోలు మారి, ఒళ్లంతా దుమ్ముతో స్కూలుకి చేరి నేను పోగొట్టుకున్నదేమిటో. ఆ కారులో ఉన్న అరగంటా నన్ను ఎవరూ ఏమీ అడగరు.

ఆ ఉదయం మంచు పడింది. చేను దగ్గర మలుపు తిరిగేసరికి ఎదురుగా రోడ్డు నిండా తడి ఉలవ మొక్కలు. బ్రేకు వేశాను. ముందు చక్రాలు ఆగాయి, వెనకవి ఆగలేదు. కారు వెనక భాగం నన్ను దాటి ముందుకు వచ్చేద్దామన్నట్టు పక్కకు తిరిగింది. కల్వర్టు గోడకు జానెడు దూరంలో ఆగింది. గోడ పక్కనే పంగలకర్ర పట్టుకుని మా అత్త నిలబడి ఉంది.

పరుగెత్తుకొచ్చి నా తల, చేతులు, మెడ తడిమింది. దెబ్బ లేదని నమ్మకం కుదిరాక కల్వర్టు మీద కూలబడిపోయింది. నేను కారు నేరుగా తిప్పుకున్నాను. స్కూలుకి వెళ్లి ఎనిమిదో తరగతికి ఘర్షణ పాఠం చెప్పాను. చెప్పుల అడుగున గీతలు ఎందుకుంటాయి అని పిల్లల్ని అడిగాను.

సాయంత్రం ఎవరో చెప్పగా బావకి తెలిసింది. ఆయన అరవలేదు. అరిస్తే నేనూ అరిచేదాన్ని. గోడకు తగిలించిన తాళం తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"కొన్నాళ్లు బస్సులో ఎల్లు. ఆ కారు నీకు ఎక్కువయిపోతన్నాది" అన్నాడు.

"ఉలవల మీద జారింది బావా."

"లోకమంతా ఉలవల మీదే ఎల్తన్నాది. నువ్వొక్కదానివే జారిపోయావేటి?"

అత్త గుమ్మంలో కూర్చుని చేటలో ఉలవలు చెరుగుతోంది. తల ఎత్తలేదు. ఆ ఉలవలు ఎవరివో ఆయనకీ తెలుసు, ఆమెకీ తెలుసు. నాకు కోపం రాలేదంటే అబద్ధం. ఎత్తుకుని పెంచిన మేనత్త, ఒక్క మాట అడ్డం వేయకపోతుందా అని చూశాను. వేయలేదు. నీ తల్లి పరిచింది కదా అని ఆయన్ని అడగడానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే అదే రోడ్డు మీద చప్పట్లు కొట్టిన చేతులు నావి. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ ఉదయం నేను ఎంత వేగంతో మలుపు తిరిగానో ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

అలా కారు వాకిట్లో, తాళం గరివిడిలో. పొద్దున్నే బస్టాండుకి నడిచిపోతూ ఆ ఎర్ర కారుని చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది. వాడనిదాన్ని జేబులో పెట్టుకు తిరగడం ఏం తెలివో!

ఆదివారం బావ నిద్రలో ఉండగా చీర కుచ్చిళ్లు దోపుకుని కారు పక్కన గొంతుక్కూర్చున్నాను. పైకి చూస్తే టైర్ల మీద గీతలు బాగానే ఉన్నాయి. వెనక చక్రం లోపలి వైపుకి చెయ్యి పోనిచ్చి తడిమాను. నున్నగా, బోడిగుండులా తగిలింది. ఇంకొంచెం లోపలికి వేలు పెడితే, రబ్బరు అరిగి బయటపడ్డ సన్నని ఉక్కు తీగ గుచ్చుకుంది. రెండో వైపూ అంతే. చక్రాలు వంకరగా తిరిగి లోపలి అంచు మాత్రమే అరిగిపోయింది, బయట నిలబడి చూసినవాడికి కనబడకుండా. వేలి మీద నెత్తురు చుక్క చూసుకుని, సిగ్గు లేకుండా చెబుతున్నాను, సంతోషపడ్డాను. తప్పు టైర్లది. నా చేతులది కాదు, అత్తదీ కాదు. ఇంట్లో ఎవరినీ నొప్పించకుండా తాళం వెనక్కి రావడానికి ఇంతకంటే మంచి దారి లేదు.

ఇక దాన్నే పట్టుకున్నాను. బస్సులో కూర్చున్నంతసేపూ టైర్ల గురించే చదివాను. బావ కారు తుడిచేటప్పుడు, డ్రైవరు తలుపు లోపల అంటించిన కాగితం మీది టైరు కొలత రాసుకున్నాను. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయని, మొదటి రెండూ అది తయారైన వారం, చివరి రెండూ సంవత్సరమని తెలుసుకున్నాను. ఎక్కువ దూరం అరగకుండా వచ్చే గట్టి రబ్బరు తడిలో అంతగా పట్టదని, తడిలో పట్టేది బేగి అరుగుతుందని తెలుసుకున్నాను. రెండూ కావాలంటే దొరకవు, ఒకటి తేల్చుకోవాలి. నేను తేల్చుకున్నాను. మా రోడ్ల మీద వానాకాలం బురద, చలికాలం మంచు, మధ్యలో ఎవరో ఒకరి పంట ఎప్పుడూ ఉంటుంది.

బావకి తీగ చూపించాను. టైర్లు మార్చక తప్పదని ఒప్పుకున్నాడు. తాళం మాట ఎత్తలేదు. అత్తకి కళ్లు చూపించాలి కాబట్టి ఒక శనివారం ముగ్గురం విజయనగరం బయల్దేరాం. ఆయన నడిపాడు. నేను వెనక కూర్చున్నాను, వేరే వాళ్ల కారులో కూర్చున్నట్టు.

కళ్ల ఆసుపత్రి పని అయ్యాక టైర్ల దుకాణానికి వెళ్లాం. అత్తకి ప్లాస్టిక్ కుర్చీ వేశారు. దుకాణం ఆయన నా వైపు చూడకుండా బావతోనే మాట్లాడుతున్నాడు. బావ లోపలికి అడుగు పెట్టగానే ఇంకా వెడల్పు టైర్లు కావాలన్నాడు, కారు నేలకు అతుక్కుని కూర్చున్నట్టు కనిపించాలట. నేను అడ్డం పడ్డాను. నలుగురు ఎక్కి, వెనక బియ్యం బస్తా వేస్తే అంత వెడల్పు టైరు పైన రేకుకి రాసుకుంటుంది, ఆ కారు చేసినవాళ్లు రాసిన కొలతే వేయాలన్నాను.

"అయితే ఇది తీసుకోండి సార్. అరుగుదల ఉండదు. మీరు కారు మార్చినా టైరు మారదు" అని దుకాణం ఆయన ఒకటి దొర్లించుకొచ్చాడు.

నేను వంగి నాలుగంకెలు చదివాను. "ఇది తయారై మూడేళ్లు దాటింది."

"టైరు మేడమ్ ఇది. పాలప్యాకెట్టేటి, డేటు సూడ్డానికి?"

"పాలు పాడైతే ఒక పూట కడుపునొప్పి. ఇది పాడైతే నన్ను కల్వర్టు కింద వెతుక్కోవాలి. కొత్తది తెండి. తడిలో బాగా పట్టేది కావాలి, బేగి అరిగినా పరవాలేదు."

ఆయన మొదటిసారి నన్ను చూశాడు. లోపలికి వెళ్లి వేరేది తెచ్చాడు. దాని అంకెలు చూశాను, రెండు నెలలైనా కాలేదు. అత్త కుర్చీలోంచి లేచి వచ్చి, ఒక చేత్తో పాతదాన్ని, ఇంకో చేత్తో కొత్తదాన్ని గోటితో నొక్కి చూసింది. చింతపండు కొనేటప్పుడు కూడా అలాగే నొక్కుతుంది.

"ఇది మెత్తగున్నాది" అని కొత్తదాని మీద చెయ్యి ఉంచింది.

"రెండు సాలు" అన్నాడు బావ. "ముందర ఎయ్యండి. ఇంజను లాగేది ముందు సక్రాల్నే కదా."

"రెండే వేస్తే వెనక వేయాలి" అన్నాను. "ముందువి జారితే కారు నేరుగా పోతుంది, బ్రేకు వదిలితే మాట వింటుంది. వెనకవి జారితే బొంగరంలా తిరిగిపోతుంది. నాకు తిరిగింది."

"మేడమ్ సెప్పింది కరెక్టే సార్" అన్నాడు దుకాణం ఆయన, కొంచెం ఇష్టం లేకుండానే. "అందరూ ముందరెయ్యమంటారు గాని."

బావ కాసేపు తల గోక్కుని నాలుగూ వేయమన్నాడు. నేను గెలిచేశాననుకున్నాను. చక్రాల వంకర సరిచేస్తుండగా, ఈ కారు ఎక్కడ తిరిగింది మేడమ్ అని దుకాణం ఆయన మర్యాదకి అడిగాడు. తడి ఉలవల మీద అని చెప్పాను.

ఆయన నవ్వాడు. "ఉలవల మీదా? దానికి టైరేటి సేస్తాది మేడమ్? మీరు ఇయాల ఏసినయ్యయినా ఆటి మీద జారతాయి. గింజల మీద ఏ రబ్బరూ నిలబడదు."

రెండు వారాలు కట్టుకున్న గోడ ఒక్క మాటకి కూలిపోయింది. నేను పిల్లలకి చెప్పే పాఠం కూడా అదే మరి. రబ్బరుకీ రోడ్డుకీ మధ్య గుండ్రటి గింజ దూరితే పట్టు ఎక్కడిది? అది నాకు తెలియదా! తెలుసు. తెలిసీ టైర్ల మీద తోసేశాను.

బావ నా వైపు తిరిగాడు. తాళం జేబులోనే ఉందో లేదో తడిమి చూసుకున్నాడు. ఇక ఆ తాళం నాకు రాదని ఆ క్షణంలో అనిపించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, దుకాణంలో అందరి ముందూ.

నాలుగు టైర్లూ బిగించారు. బావ డ్రైవరు వైపు తలుపు తీశాడు. అత్త అతని చెయ్యి పట్టుకుంది.

"ఒరే, ఆగు. ఆ దినం రోడ్డు మీద ఉలవలు పరిసింది ఎవులు?"

"ఇప్పుడదెందుకమ్మా?"

"నానే పరిసాను. మంచు పడతన్నాదని తెలిసి పరిసాను. మలుపని తెలిసి పరిసాను. ఎవులో ఒకులు తొక్కుతారు, నా పనయిపోద్దనుకున్నాను. నా మేనకోడలే వస్తాదని అనుకోలేదు." కొడుకు చెయ్యి ఇంకా వదల్లేదు. "ఇంటికొచ్చాక నా సేతిలో పంగలకర్ర లాక్కున్నావేటి నువ్వు? నేదు కదా. మరి దాని సేతిలో తాళం ఎందుకు లాక్కున్నావు?"

బావ చుట్టూ చూశాడు. పనివాళ్లు స్పానర్లు పట్టుకుని వింటున్నారు. దుకాణం ఆయన బిల్లు పుస్తకంలోకి తల దూర్చేశాడు.

"ఇన్ని దినాలు నోరు మూసుకున్నాను, సిగ్గేసి" అంది అత్త. "ఇచ్చీ."

ఆయన జేబులోంచి తాళం తీసి నా చేతిలో పెట్టాడు. వెనక తలుపు తీసుకుని తనే ఎక్కి కూర్చున్నాడు. అత్త ముందు సీట్లో నా పక్కన కూర్చుని, బెల్టు ఎలా పెట్టుకోవాలో తెలియక నా వైపు చూసింది. నేనే పెట్టాను.

విజయనగరం దాటాం, గరివిడి దాటాం. కొత్త టైర్లు రోడ్డుని పట్టుకుని పోతుంటే స్టీరింగులో తెలుస్తోంది. వెనక బావ నిద్రపోయాడు. చేను దగ్గర పడేసరికి నాకు భయం పట్టుకుంది, మలుపు గురించి కాదు. అత్త అందరి ముందూ తన తప్పు ఒప్పుకుంది. నేను ఇంకా ఒప్పుకోలేదు. చెబితే తాళం మళ్లీ పోవచ్చు. అయినా చెప్పాలి, లేకపోతే ఈ తాళం నా చేతిలో ఉన్నా నాది కాదు.

"అత్తా" అన్నాను. "ఆ రోజు నేనూ మెల్లగా వెళ్లలేదు. స్కూల్లో ప్రార్థన టైముకి అందుకోవాలని బాగా తోలేశాను."

అత్త రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"నాకు తెల్దేటే? మలుపు దగ్గర్నుంచి సూస్తన్నాను కదా, గాల్లో వచ్చీసినావు."

"మరి బావతో ఎందుకు చెప్పలేదు?"

"నా ఉలవల సంగతి సెప్పకుండా నీ స్పీడు సంగతి సెప్తే అది న్యాయమేటే? రెండూ సెప్పాలి. నాకు ధైర్యం సాల్లేదు, అందుకని రెండూ సెప్పనేదు. నా వంతు ఇయాల సెప్పీసినాను." వెనక నిద్రపోతున్న కొడుకుని ఒకసారి చూసింది. "నీ వంతు నాకు సెప్పావు. సాలు. మల్లీ అలగ తోలితే ఈసారి తాళం నానే లాగీసుకుంటాను."

మలుపు వచ్చింది. రోడ్డు ఖాళీగా ఉంది. ఎండిన ఉలవ చెత్త కొంచెం ఇంకా అంచున పడి ఉంది. అత్త ముందుకు వంగి రెండు చేతులతో డాష్‌బోర్డు పట్టుకుంది. నేను గేరు తగ్గించి, నడిచిపోయేవాళ్లంత మెల్లగా తిప్పాను.

"ఇలగ ఎల్లాలి" అంది అత్త, చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంటూ.