నిండుకున్న నీళ్ళు

నా చిన్నప్పుడు మా అమ్మమ్మ ఇంట్లో బియ్యం ఎప్పుడూ అయిపోయేవి కావు, నిండుకునేవి. దీపం ఆరిపోయేది కాదు, కొండెక్కేది. మెడలో సూత్రం తెగితే పెరిగిందనాలి. వేటకు బయలుదేరిన మనిషిని ఎక్కడికని అడగకూడదు, వెనక నుంచి పిలవకూడదు, పిలిచినా అతను తిరిగి చూడకూడదు. ఇన్ని ‘కూడదు’ల మధ్య పెరిగిన నాకు నోరు ఎలా వచ్చిందా అని మావాళ్ళు ఇప్పటికీ ఆశ్చర్యపోతారు.

మాది ఉప్పాడ దగ్గర సముద్రాన్ని ఆనుకుని ఉన్న పల్లె. మా ఇళ్ళల్లో మగవాళ్ళు వేటకు వెళ్ళేవారు, ఆడవాళ్ళు చేపలు అమ్మేవారు. మా పెద్దమామయ్య నాకు ఊహ తెలియకముందే వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. ఊరంతటికీ తెలిసిన సంగతే. అమ్మమ్మ మాత్రం ఎవరడిగినా ‘పెద్దోడు ఇంకా రాలేదు’ అనేది. అంతకు మించిన మాట ఆవిడ నోట నేను ఎన్నడూ వినలేదు. మాట బయటికి వస్తే అది నిజమై కూర్చుంటుందని ఆవిడ నమ్మకం. అందుకే మా నోళ్ళకు అంత కాపలా.

చిన్నమామయ్య వాళ్ళ నావను బాగుచేయించి మళ్ళీ వేటకు తీసుకెళ్ళిన రోజు నాకు బాగా గుర్తు. అప్పట్లో మా నావలకు మేకులుండేవి కావు. పలకలను కొబ్బరి తాళ్ళతో కుట్టి, సందుల్లో పీచు కూరేవారు. ఆ పని దగ్గరుండి చేయించింది చిన్నమామయ్యే. కొత్తగా పెళ్ళయిన మనిషి, అత్తవారి ముందు తన నావ గురించి గొప్పగా చెప్పుకున్నాడు కూడా. తెల్లవారుతుండగా అందరం ఒడ్డుకు వెళ్ళాం. అమ్మమ్మ నావకు పసుపు రాసి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టింది. మగవాళ్ళు నావను మోకాలి లోతు నీళ్ళలోకి తోశారు.

చద్దన్నం కుండ వెనకవైపు వల పక్కన పెట్టి రమ్మని నాకు చెప్పారు. చిన్నమామయ్య నన్ను అమాంతం ఎత్తి నావలో దించాడు. కుండ పెడుతుంటే నా పాదాలకు చల్లగా తగిలింది. వంగి చూస్తే వల కుప్ప కింద నుంచి నీళ్ళు బుడబుడమంటూ వస్తున్నాయి. నేను చూస్తుండగానే నా పావడా అంచు తడిసింది. వల అడ్డుగా ఉంది కాబట్టి బయట నిలబడి తోస్తున్నవాళ్ళకు అది కనబడదు.

నాకు భయం వేసింది. కానీ ఒడ్డు మీద చెడ్డ మాట అనకూడదు కదా. నావ కారుతోందని అనకూడదు. మునగడమన్న మాట తలుచుకోనే కూడదు. నీళ్ళు నిండుతున్నాయని చెబితే సరిపోతుంది, నిండడం మంచి మాటే అనుకున్నాను. తీరా నోరు విప్పేసరికి ఇంట్లో రోజూ వినే మాటే వచ్చింది. మామయ్య నన్ను ఎత్తి ఒడ్డున దించుతుంటే గట్టిగా చెప్పాను.

“మామయ్యా, నావలో నీళ్ళు నిండుకున్నాయి.”

ఏం జరుగుతుందో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. తాగే నీళ్ళు అయిపోయాయని వాళ్ళకు అర్థమైంది. ఇందాకనే కదా పోశాం అని ఒకరు విసుక్కున్నారు. ఇంకొకరు పరుగున వెళ్ళి మరో కుండెడు మంచినీళ్ళు తెచ్చి నావలో పెట్టారు. మునగబోయే నావకు మేం నీళ్ళు మోశామన్నమాట. పైగా నావ మీద పెత్తనం చేసే ముసలాయన, పిల్ల ఒడ్డు మీద ‘లేవు’ అనకుండా ‘నిండుకున్నాయి’ అంది, బాగా పెంచావని అమ్మమ్మను మెచ్చుకున్నాడు. నేను తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాను. అలల హోరులో నన్ను పట్టించుకున్నవాళ్ళు లేరు. మామయ్య వాళ్ళు ఎక్కారు, నావ కదిలింది.

అమ్మమ్మ మాత్రం నా పావడా వైపు చూసింది. మామయ్య ఎత్తి లోపల పెట్టాడు, ఎత్తి బయట దించాడు. మరి అంచు ఎలా తడిసింది?

“ఏ నీళ్ళే?” అంది వంగి.

“కింద నీళ్ళు. ఉప్పునీళ్ళు.”

అమ్మమ్మ కొడుకును పేరు పెట్టి పిలిచింది. వెనక నుంచి పిలిస్తే తిరగకూడదని నేర్పింది ఆవిడే కనుక అతను తిరగలేదు. మళ్ళీ పిలిచింది. తెడ్లు వేసేవాళ్ళు ఇంకా గట్టిగా వేశారు. ఇక నేనే అరవాలని నోరు తెరిచాను. “నావ ము” అన్నానో లేదో, అమ్మమ్మ అరచెయ్యి వచ్చి నా నోటి మీద పడింది. పళ్ళు పెదవికి గుచ్చుకునేంత గట్టిగా మూసింది. ఆ చేతికి ఎండుచేపల వాసన, పసుపు వాసన. అలా మూసి ఉంచే, ఆ మాట ఆవిడే అంది.

“నావ మునిగిపోద్ది. దిగండ్రా.”

తెడ్లు ఆగిపోయాయి. ఒడ్డు మీద ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. బయలుదేరిన నావ మీద ఆ మాట ఎవరైనా అనగా మా ఊళ్ళో వినలేదు, అందులోనూ కన్నతల్లి. మగవాళ్ళు దిగారు, నావను వెనక్కి లాగారు, వల ఎత్తి చూశారు. వెనక పలకల కుట్టు మూరెడు మేర విడిపోయి, పీచు బయటికి వేలాడుతోంది. అల దాటి లోతుకు వెళ్ళి ఉంటే చెప్పేదేముంది.

అమ్మమ్మకు దండం పెడతారని నేను అనుకున్నాను. ఒక్కరూ పెట్టలేదు. ముసలాయన ఇసుకలో ఉమ్మేసి, నోరారా అనేసిందని వెళ్ళిపోయాడు. ఆ ఏడు వేట సరిగ్గా సాగలేదు. చేపలు పడకపోయినా, వల చిరిగినా, అదంతా అమ్మమ్మ నోటి మహిమేనని అనుకున్నారు. ఆవిడను ఒడ్డుకు రావద్దని ఎవరూ అనలేదు, ఆవిడే మానేసింది. నావలు వెళ్ళే వేళకు తలుపు వేసుకుని లోపల కూర్చునేది. నాకు ఏడుపొచ్చేది. చిన్నమామయ్య ముసలివాడయ్యాక కూడా, ఒకసారి ‘మా అమ్మ అనబట్టి బతికాను’ అనేవాడు, ఇంకోసారి ‘ఆ మాట అన్నాకే మా నావకు కలిసిరాలేదు’ అనేవాడు. రెండూ మనస్ఫూర్తిగానే అనేవాడు.

ఇంత జరిగింది కదా, ఇక మా ఇంట్లో ఏ మాటైనా అనొచ్చని నేను సంబరపడ్డాను. నావ వెనక్కి వచ్చిన ఆ సాయంత్రమే గాలికి దీపం పోతే, ఆరిపోయిందన్నాను. అమ్మమ్మ నెత్తి మీద మొట్టింది. నువ్వు మాత్రం అంత మాట అనలేదా అని ఎదురు తిరిగాను. ఆవిడ దీపం వెలిగించాక అంది.

“అనకూడని మాట గనకే ఆగేరే. రోజూ అనేదైతే ఎవడాగుతాడు?”

బాగుందనిపించింది. కానీ పడుకున్నాక ఇంకో ఆలోచన వచ్చింది. అసలు ఆ మాట అనకూడదని నాకు నేర్పకపోయి ఉంటే, నావలో ఉండగానే అనేసేదాన్ని, ఇంత గొడవే ఉండేది కాదు. ఇదీ నిజమే. ఇన్నేళ్ళుగా ఈ రెండు నిజాలూ నాలో తోడికోడళ్ళలా కాపురం చేస్తున్నాయి. ఒకటి నెగ్గిందనుకునేలోగా రెండోది కొంగు బిగిస్తుంది.

ఇప్పుడెందుకు ఇదంతా అంటే, మా మనవరాలి వల్ల. అది కాకినాడలో డిగ్రీ చదువుతోంది. వాళ్ళ కాలేజీలో మాటకు హద్దు ఉండాలా వద్దా అని పోటీ పెట్టి, పిల్లలను అటూ ఇటూ నిలబెడతారట. నన్ను నిలబెడితే మధ్యలో పచార్లు చేస్తాను. అది పోటీతో ఊరుకోలేదు. మా వీధి చివర సముద్రానికి అడ్డంగా వేసిన రాళ్ళు జారిపోతున్నాయి. వాటి ఫొటో తీసి, ఊరి వాట్సాప్ గ్రూపులో ‘ఈ వానాకాలం మన వీధి మిగలదు’ అని పెట్టింది. ఇక చూడండి. ఊరికి చావు కోరిందన్నారు, ఇళ్ళ ధరలు పడిపోతాయన్నారు, తీసెయ్యమని ఇంటి మీదకొచ్చారు. నిజమే కదా అన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు ఇంటి దాకా రాలేదు. పక్కింటి ముసలాయన ఆ మాట విని రెండు పూటలు అన్నం మానేశాడు. అలా బెదరగొట్టడం న్యాయమా అంటే కాదనిపిస్తుంది. రాళ్ళు జారుతున్నాయా అంటే జారుతున్నాయి. నేను రోజూ చూస్తున్నాను.

నిన్న సాయంత్రం ఫోను పట్టుకుని నా దగ్గర కూర్చుంది. ఏడ్చిందని కళ్ళు చెబుతున్నాయి.

“తీసెయ్యనా, ఉంచనా మామ్మా? నువ్వెలా అంటే అలా.”

దానికి ఈ కథంతా చెప్పాను. అంతా విని, ఇంతకీ మీ అమ్మమ్మ నీ నోరు ముయ్యడం ఒప్పా, తాను అనడం ఒప్పా అని అడిగింది. తెలియదన్నాను. నిజంగానే నాకు తెలియదు. ఆ రోజు నా నోరు మూసిన చెయ్యీ ఆవిడదే, ఆ మాట అన్న నోరూ ఆవిడదే. రెండిటినీ విడదీసి చూడడం నాకు ఇప్పటికీ చేతకాలేదు. ఒక్కటి మాత్రం ఈ వయసులో అర్థమైంది. ఆ మాట నేను అని ఉంటే, తలుపు వేసుకుని కూర్చోవలసింది నేను.

“నీది తీసెయ్యి. ఆ ఫోను ఇలా ఇయ్యి, నేనంటాను.”

అది తెల్లబోయి చూసింది. గ్రూపులో మాట రికార్డవ్వడానికి ఎక్కడ నొక్కాలో చూపించింది. నొక్కాను. ఏదో చెప్పబోయిన దాని నోటి మీద నా రెండో చెయ్యి అప్పటికే ఉంది.