ఒళ్ళో కూర్చున్న లెన్స్

మారికుప్పంలో ఎక్కిన పొద్దుటి రైలుబండిలో నాకు సీటు దొరకలేదు. నిలబడే, నా చిన్న డిజిటల్ కెమెరా ముందు దూరాన్ని దగ్గర చేసే బరువైన అదనపు లెన్స్ బిగించి, కిటికీలోంచి పాత బంగారు గనుల మట్టిదిబ్బలు ఫొటో తీయబోయాను.

"ఇట్లియ్యప్పా" అంటూ కూర్చున్న ఒకావిడ నా సంచీతోపాటు కెమెరానూ ఒళ్ళోకి లాగేసుకుంది. ఆ బండిలో అది మర్యాదట. నిలబడ్డవాళ్ళ చేతిలో ఏదైనా ఉంటే కూర్చున్నవాళ్ళకు నామోషీ.

అంతలో ఊరిగాంలో ఎక్కిన జనం నన్ను తలుపు దాకా నెట్టేశారు. నా ప్రాణమంతా కెమెరా మీదే ఉంది. కాసేపు ముట్టుకోకపోతే ఆ కెమెరా తనంతట తానే ఆగిపోతుంది. అప్పుడు లోపలికి ముడుచుకునే దాని సొంత లెన్స్ గొట్టం ముందరి బరువును ఈడ్చలేక పళ్ళచక్రాలు విరగ్గొట్టుకుంటుంది. అదనపు లెన్స్ విప్పాకే కెమెరా ఆపాలి.

"అమ్మా, ముందుది తిప్పి ఊడదీయండి. కింద చెయ్యి పెట్టి పట్టుకోండి" అని తలల మీదుగా అరిచాను.

"పట్టుకోనే ఉండానప్పా. యాడికీ పోదు, నువ్వు గమ్మునుండు" అందావిడ.

బంగారుపేటలో జనం పలచబడ్డాక పరిగెత్తాను. కెమెరా నిక్షేపంగా మేలుకునే ఉంది. ఆవిడ దాన్ని నిద్రపోనిస్తేగా. దారి పొడవునా పెట్టెలోని వాళ్ళందరినీ ఫొటోలు తీస్తూనే ఉంది. అంత దగ్గర్నుంచి ఆ లెన్స్ మనుషుల్ని మనుషుల్లా చూపించదు. తెర నిండా మసక ముక్కుపుటాలు, ఎవరివో పళ్ళు, సగం మీసం.

"అందరూ బాగా వచ్చినారు. ఇంగ రేపు ఇదే బండికి కాపీలు తీసుకురా" అంది.

తీసుకెళ్ళాను. ఎవరి ముక్కు వాళ్ళు క్షణంలో ఏరుకున్నారు. మీసం దగ్గర మాత్రం ఇద్దరు పోట్లాడుకున్నారు.