స్టెనో కథలో అక్క మాట

కోర్టులో సాక్షులు చెప్పేదంతా షార్ట్‌హ్యాండ్‌లో దించుకోవడం స్టెనోగా ఆమె ఉద్యోగం. ఇరవై రెండేళ్ల సర్వీసు. వేళ్ల వడి చూసి తోటి గుమాస్తాలు టకటక అని పేరు పెట్టారు. ఆమెకు కథలు రాయాలని సరదా. సరదా అనడం తక్కువే, పిచ్చి. పంపిన ప్రతి కథా గోడకు కొట్టిన బంతిలా తిరిగొచ్చేది. చివరికి ఓ వారపత్రిక సంపాదకుడు విసుగెత్తి రాశాడు: "అమ్మా, మీ పాత్రలు మాట్లాడుకోవడం లేదు, వాంగ్మూలం ఇస్తున్నాయి."

గుండె లోతుల్లోంచి రాస్తే చాలని సభల్లో చెప్పేవాళ్లకు కొదవ లేదు. గుండె సంగతి తర్వాత, ముందు చెవి తెరవండి అన్నట్టు రాసినవాడు ఆ సంపాదకుడొక్కడే. ఆనాటి నుంచి స్టెనో ఇంట్లో మాటలను పాత క్యాలెండర్ కాగితాల వెనక దించడం మొదలుపెట్టింది.

ఇంట్లో మాట్లాడేది అక్క. మొగుడితో మాటా మాటా పెరిగి, ఎనిమిది నెలల కిందట పెట్టె సర్దుకుని, ఒంటరిగా ఉండే ఈ చెల్లెలి దగ్గరికి వచ్చేసింది. ఒకరోజు మొగుడికి ఫోన్ చేసి, "మీ చొక్కాలు రెండు నా పెట్టెలో వచ్చాయి. ఇస్త్రీ చేసి ఉంచాను, వీలైతే తీసుకెళ్లండి" అంది. ఫోన్ పెట్టేశాక కుళాయి వైపు తిరిగి, "పోట్లాడ్డానికైనా రాకూడదూ ఈ మనిషి" అని గొణుక్కుంది.

కోర్టులో నోట వచ్చిందంతా రికార్డుకెక్కాల్సిందే. స్టెనో రెండు మాటలూ ఎక్కించింది. పైగా కథలో ఆ రెండోది కూడా అక్క చేత ఫోన్‌లోనే అనిపించింది. సంపాదకుడు ఆ ఒక్క మాటకే కథ తీసుకున్నాడు.

ఒక గురువారం కోర్టుకు సెలవు. మధ్యాహ్నం మూడున్నరకు అక్క వంటింట్లోంచి వచ్చింది.

"ఏమే, ఆదివారం మీ బావ భోజనానికి వస్తానన్నాడు."

స్టెనో గడియారం వైపు చూసింది. కథ అచ్చయ్యేదీ ఆదివారమే. బావ ఆ పత్రికను అట్ట నుంచి అట్ట దాకా నమిలేసే రకం. ఇవాళ నాలుగింటికే పేజీలు ప్రెస్సుకు వెళ్లిపోతాయి. దాచి లాభం లేదని కథ నకలు తెచ్చి అక్క చేతిలో పెట్టింది. అక్క నిలబడే చదివింది.

"ఈ మాట నేను ఆయనతో అనలేదు."

"అనలేదు."

"నాలో నేను అనుకున్నా. నువ్వక్కడే ఉన్నావా?"

"గిన్నెలు తుడుస్తున్నా."

"ఓహో! ఒక చేత్తో గిన్నెలు, ఇంకో చేత్తో నా కొంప!"

"అది కాదక్కా, కథకి..."

"నీ కథ తగలెయ్య! ఎనిమిది నెలలు పళ్ల బిగువున ఉన్నానే. ఇప్పుడు తనంతట తనే వస్తున్నాడు. ఇది చదివితే నేను కాళ్లావేళ్లా పడ్డట్టే కదా? జన్మంతా దెప్పుతాడు."

నాలుగింటికి ఇంకా పది నిమిషాలుంది. స్టెనో ఫోన్ అందుకుంది.

"ఆ మాట తీసేస్తే ఏం మిగుల్తుందమ్మా?" అన్నాడు సంపాదకుడు. "ఇస్త్రీ చొక్కాలా?"

"తీసెయ్యండి."

"మరి అక్కడ ఆవిడ ఏదో ఒకటి అనాలిగా? లేకపోతే ఈ వారానికి కథే ఆపేస్తాను."

అక్క నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురుగా నిలబడింది. రెప్ప వెయ్యడం లేదు, పెదవి కదపడం లేదు. స్టెనో ఆ మొహం చూస్తూనే చెప్పింది:

"ఏమీ అనదండీ. చొక్కా మడత విప్పి మళ్లీ పెడుతుంది. ఆయనే అటు నుంచి 'ఉన్నావా?' అంటాడు."

అవతల కలం మూత తీసిన చప్పుడు వినిపించింది.

"రాసుకుంటున్నా," అన్నాడు సంపాదకుడు. "మెల్లిగా చెప్పండి."

ఆమె చెప్పి ఫోన్ పెట్టేసింది. హమ్మయ్య అనుకోబోయింది.

"ఆ రోజు నేను చొక్కా మడత విప్పిన సంగతి నీకెలా తెలుసు?" అంది అక్క.

చెల్లెలు బల్ల మీది క్యాలెండర్ కాగితాన్ని తిరగేసి పెట్టింది.

"అదీ చూశావన్నమాట." అక్క కథ కాగితాలు మడిచి తన కొంగున ముడేసుకుంది. "ఆదివారం ఆయనొచ్చే వేళకి నువ్వు ఇంట్లో ఉండకు."

"ఎక్కడికి పోనక్కా?"

"ఎక్కడికైనా పో. మా మాటలు మేం మాట్లాడుకుంటాం."

ఇల్లు తనదే అయినా, స్టెనో సరేనంది.